దక్కనీ భాష - పుట్టుక, పరిణామం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు నుండి లాడ్‌బజారు వైపు నాలుగడుగులు వేసిన వారికి తప్పక చెవిని పడే మాట ఒకటున్నది. అది 'నక్కో'. గాజుల బేరం కుదరని ఇల్లాలు 'నక్కో' అని లేచిపోతుంది. ఇంకొక చాయ్ తాగుతావా అని అడిగిన మిత్రునికీ అదే జవాబు వస్తుంది. 'వద్దు' అని దాని అర్థం. ఢిల్లీలోగాని, లక్నోలోగాని ఉర్దూ మాట్లాడేవారు ఈ మాట వాడరు. విన్నప్పుడు చిరునవ్వు నవ్వుతారు. హైదరాబాదీలది చెడిపోయిన ఉర్దూ అనేవారు మన ఊళ్ళోనూ లేకపోలేదు. ఇంట తల్లి దగ్గర నేర్చిన మాటను పిల్లవాడు బడిలో పలికితే, తప్పని దిద్దేవారున్నారు.

భాష నిజంగా చెడిపోతుందా? ఒక పలుకుబడిని 'భాష' అనీ, మరొకదానిని 'యాస' అనీ, ఇంకొకదానిని 'అపభ్రంశం' అనీ నిర్ణయించేవారెవరు? వ్యాకరణమా, చరిత్రా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి పాతబస్తీ కంటె మంచి చోటు లేదు. అక్కడ వినవచ్చే పలుకుకు పండితులు పెట్టిన పేరు దక్కనీ. దాని కథ ఆరున్నర శతాబ్దాలకు పైబడినది. ఆ కథకు ఐరోపా ఖండంలో ఒక తోడు కథ కూడా ఉన్నది. మొదట మన కథ చూచి, పిమ్మట దానిని కూడా చూద్దాము.

ఢిల్లీ నుండి దేవగిరికి

1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ తన రాజధానిని ఢిల్లీ నుండి దేవగిరికి మార్చి, దానికి దౌలతాబాదు అని పేరు పెట్టినాడు. ఈ సంగతిని మనం తుగ్లకు తెలివితక్కువతనానికి ఉదాహరణగా బడిలో చదువుకొన్నాము. రాజకీయంగా ఆ ప్రయత్నం విఫలమైనదన్నది నిజమే. అయితే దాని ఫలం ఒకటి భాషలో నిలిచిపోయినది. సుల్తాను వెంట సైనికులు, గుమాస్తాలు, వర్తకులు, ఫకీరులు దక్షిణాదికి వచ్చారు. వారు వ్రాసేది పారశీకం. మాట్లాడుకొనేది మాత్రం ఢిల్లీ పరిసరాలలోని ప్రజల పలుకు. అందులో ఖడీబోలీ, హర్యానీ, పంజాబీ కలగలిసి ఉండేవి. వారిలో చాలామంది తిరిగి వెళ్ళలేదు.

1347లో గుల్బర్గా రాజధానిగా బహమనీ రాజ్యం ఏర్పడి ఢిల్లీతో సంబంధం తెంచుకొన్నది. దానితో ఈ పలుకు తల్లి చెట్టు నుండి వేరై, కొత్త నేలలో వేళ్ళు తన్నినది. చుట్టూ ఉన్నవి మరాఠీ, కన్నడం, తెలుగు. వీటి మధ్య అది తన దారిన తాను పెరిగినది.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటున్నది. ఉత్తరాదిన పారశీకానికి ఉన్న గౌరవం వల్ల ప్రజల పలుకు చాలాకాలం కలానికి ఎక్కలేదు. దక్షిణాదిన అట్లా కాలేదు. సామాన్యులకు ధర్మం బోధింపదలచిన సూఫీలు వారికి తెలిసిన మాటలోనే చెప్పవలసి వచ్చినది. బిజాపూరులో మీరాంజీ షంసుల్ ఉష్షాఖ్, ఆయన కుమారుడు బుర్హానుద్దీన్ జానం ఈ భాషలో గ్రంథాలు వ్రాశారు. అంతకుముందే, పదిహేనవ శతాబ్దంలో, నిజామీ అనే కవి బీదరులో 'కదంరావ్ పదంరావ్' అనే కథాకావ్యం వ్రాశాడు. ఇప్పటికి తెలిసిన దక్కనీ కావ్యాలలో అదే పాతది. కదంరావు రాజు, పదంరావు మంత్రి. అందులో అరబ్బీ, పారశీక పదాలు బహు స్వల్పం. సంస్కృతం నుండి పుట్టిన తద్భవాలే ఎక్కువ.

గోలకొండ కొలువులో

ఈ భాషకు మహర్దశ పట్టినది బిజాపూరు, గోలకొండ రాజ్యాల కాలంలో. హైదరాబాదు నగరాన్ని 1591లో నిర్మింపజేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా (పాలన 1580-1612) స్వయంగా దక్కనీ కవి. ఉర్దూ సాహిత్య చరిత్రలో తన పద్యాలతో ఒక దీవాను మిగిల్చిన తొలి కవిగా ఆయనను లెక్కిస్తారు. ఆయన పిమ్మట రాజైన ముహమ్మద్ కుతుబ్ షా ఆ కవితలను సేకరించి గ్రంథస్థం చేయించాడు. కులీ కవితలో ఇరాను తోటలకంటె మన ఋతువులకే చోటెక్కువ. వసంతోత్సవం, వానాకాలం, 'మిరుగు' రాక ఆయనకు ఇష్టమైన విషయాలు. మృగశిర కార్తెను తెలంగాణా రైతు నేటికీ 'మిరుగం' అంటాడు. నాలుగు వందల యేండ్ల క్రిందట సింహాసనం మీద కూర్చున్న కవీ, దుక్కి దున్నే రైతూ తొలకరిని ఒకే మాటతో పిలిచారన్నమాట.

ఆ కొలువులోనే ముల్లా వజ్హీ 1609లో 'కుతుబ్ ముష్తరీ' అనే కావ్యాన్నీ, 1635లో 'సబ్‌రస్' అనే వచన గ్రంథాన్నీ వ్రాశాడు. సౌందర్యం, హృదయం అనే పాత్రలతో నడిచే ఈ కథకు మూలం పారశీకమే అయినా, వచనంలోని నడక వజ్హీ స్వంతం. ఉర్దూ సాహిత్య వచనానికి తొలి మెట్టుగా దీనిని పండితులు ఎంచుతారు. గవ్వాసీ, ఇబ్న్ నిషాతీ గోలకొండలోనూ, నుస్రతీ బిజాపూరులోనూ గొప్ప కథాకావ్యాలు వెలయించారు. ఉత్తరాదిన మీర్, గాలిబుల పేర్లు వినిపించడానికి ఎంతో ముందు జరిగిన సంగతులివి.

అదే గోలకొండలో తెలుగుకు కూడా ఆదరణ ఉన్నదని మనకు తెలుసు. కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు 'మల్కిభరాముడు' అని కీర్తించారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం'ను ఆయనకే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యమైన పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్ర'ను అందుకొన్నవాడు ఆ రాజ్యపు సర్దారైన అమీన్‌ఖాన్. కుతుబ్‌షాహీ ఫర్మానాలలో పారశీకం, తెలుగు రెండూ ఉన్నవి దొరికినాయి. రెండు భాషలు ఒకే కప్పు క్రింద కాపురముంటే ఒకదాని అలవాట్లు మరొకదానికి అబ్బకుండా ఉండవు.

కలం మారినది

1687లో ఔరంగజేబు గోలకొండను జయించాడు. అంతకు ముందు సంవత్సరమే బిజాపూరు పడిపోయినది. దక్కనీ కవులకు రాజాశ్రయం తొలగినది. ఔరంగాబాదుకు చెందిన వలీ 1700 ప్రాంతంలో ఢిల్లీ వెళ్ళివచ్చాడని చెబుతారు. పారశీక కవితా సంప్రదాయాన్ని మరింతగా అనుసరింపుమని అక్కడివారు ఆయనకు సలహా ఇచ్చారన్న కథ ప్రచారంలో ఉన్నది. కథ ఎంతవరకు నిజమైనా, ఆయన దీవాను 1720 ప్రాంతంలో ఢిల్లీ చేరిన పిమ్మట అక్కడి కవులు పారశీకం విడిచి ఈ భాషలో వ్రాయసాగారు. దక్షిణాది దీపంతో ఉత్తరాది దీపం వెలిగినది. పిమ్మట ఢిల్లీవారు తమ నుడికారమే ప్రమాణమన్నారు. వెలిగించిన దీపమే మసకబారినది.

ఆసఫ్‌జాహీల కాలంలో చాలాకాలం రాజభాష పారశీకమే. 1884లో దాని స్థానంలో ఉర్దూ వచ్చినది. ఆ ఉర్దూ ఉత్తరాది ప్రమాణం ప్రకారం వ్రాసే ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగు మొదలైన శాస్త్రాలను ఒక భారతీయ భాషలో బోధించి దేశానికి మార్గం చూపినది. శాస్త్రగ్రంథాల అనువాదానికి ఒక ప్రత్యేక శాఖయే పనిచేసినది. ఇది మనం గర్వింపదగిన విషయం. కాని ఆ గ్రంథాలలోని భాష దక్కనీ కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష అనే పద్ధతి అట్లా స్థిరపడినది.

నాలుక మీది వ్యాకరణం

కలం మారినా నాలుక మారలేదు. పాతబస్తీలో నేటికీ వినవచ్చే పలుకును ఢిల్లీ ఉర్దూతో పోల్చి చూస్తే దాని చరిత్ర అంతా పొరలు పొరలుగా బయటపడుతుంది.

మొదటి పొర పాత ఢిల్లీది. మాటను బహువచనం చేయాలంటే దక్కనీలో చివర 'ఆఁ' చేర్చితే చాలు. బాత్ అంటే మాట, బాతాఁ అంటే మాటలు. కితాబ్ పుస్తకం, కితాబాఁ పుస్తకాలు. లోగాఁ అంటే జనం. నేటి ఢిల్లీవారు బాతేఁ, కితాబేఁ అంటారు. దక్కనీ రూపానికి చుట్టం పంజాబీ, హర్యానీలలో ఉన్నది. కనుక ఇది చెడిపోయిన రూపం కాదు; దౌలతాబాదుకు బండ్ల మీద వచ్చినవారు మూటగట్టుకొని తెచ్చిన పాతరూపం. ఢిల్లీ మారినది, దక్కను మారలేదు.

రెండవ పొర మరాఠీది. 'నక్కో' మరాఠీ 'నకో'. నెమ్మదిగా అనడానికి పాతబస్తీలో 'హల్లూ' అంటారు. మరాఠీలో దానికి జత 'హళూ'. 'ఇట్లాగే' అని నొక్కి చెప్పడానికి వాడే 'ఐసాయిచ్' చివరనున్న 'చ్' కూడా మరాఠీ నుండి వచ్చినదే. 'నక్కో', 'హల్లూ' పాత దక్కనీ కావ్యాలలోనూ కనబడతాయి. బజారులోని మాటకు గ్రంథసాక్ష్యం ఉన్నదన్నమాట.

మూడవ పొర మనకు అతి దగ్గరిది. 'రేపు వస్తాను అని చెప్పాడు' అన్నది తెలుగు వాక్యం. దీనిని ఢిల్లీ ఉర్దూలో చెప్పాలంటే 'చెప్పాడు' అన్న మాట ముందు వచ్చి, నడుమ 'కి' అనే అవ్యయం చేరి, చెప్పిన విషయం చివరకు పోతుంది. పాతబస్తీలో 'కల్ ఆతౌఁ బోల్‌కే బోలా' అంటారు. కల్ అంటే రేపు, ఆతౌఁ అంటే వస్తాను, బోల్‌కే అంటే అని, బోలా అంటే చెప్పాడు. మాటకు మాట తెలుగు వరుసే. పదాలు ఉర్దూవి, వాక్యం ద్రావిడం. 'అను' ధాతువు నుండి మన 'అని' ఎట్లా పుట్టినదో, 'బోల్' ధాతువు నుండి 'బోల్‌కే' అట్లాగే పుట్టినది.

మరొక ఉదాహరణ. 'నేను అన్నం తిన్నాను' అనడానికి ఢిల్లీవారు 'మైఁనే ఖానా ఖాయా' అంటారు. భూతకాలంలో సకర్మక క్రియ వచ్చినప్పుడు కర్తకు 'నే' చేర్చడం అక్కడి నియమం. తెలుగులో అట్టి ప్రత్యయం లేదు. పాతబస్తీలో కూడా 'మైఁ ఖానా ఖాయా' అంటే సరిపోతుంది. ఇక ఉచ్చారణలో, అరబ్బీ నుండి వచ్చిన కంఠమూలీయమైన 'ఖాఫ్' అక్షరాన్ని ఇక్కడివారు 'ఖ'గా పలుకుతారు. కుతుబ్‌షా వారి నోట ఖుతుబ్‌షా అవుతాడు.

ఇట్లు పక్కపక్కన కాపురమున్న భాషలు, వంశాలు వేరైనా, వ్యాకరణంలో ఒకదానికొకటి దగ్గరవుతాయని భాషాశాస్త్రజ్ఞులు గుర్తించారు. అమెరికా పండితుడు ఎమెనో 1956లో భారతదేశమంతా అటువంటి ఒక 'భాషామండలం' అని నిరూపించాడు. మహారాష్ట్ర-కర్ణాటక సరిహద్దులోని కుప్వాడ్ గ్రామంలో గంపెర్జ్, విల్సన్ అనే పరిశోధకులు అక్కడి ఉర్దూ, మరాఠీ, కన్నడాలను పరిశీలించి 1971లో ఒక వ్యాసం ప్రకటించారు. ఆ ఊరివారి మూడు భాషల వాక్యాలలో పదానికి పదం మార్చితే చాలునట. వాక్యనిర్మాణం దాదాపు ఒక్కటే. పాతబస్తీలో జరిగినదీ ఇటువంటిదే.

మాసిడోనియా ముచ్చట

ఈ 'భాషామండలం' అనే భావం మొదట పుట్టినది మన దేశాన్ని చూచి కాదు. ఐరోపాకు ఆగ్నేయ దిశనున్న బాల్కన్ ద్వీపకల్పాన్ని చూచి. రష్యన్ పండితుడు త్రుబెత్స్కోయ్ 1928లో జరిగిన భాషాశాస్త్రజ్ఞుల ప్రథమ మహాసభలో దానిని ప్రతిపాదించాడు. అక్కడి భాషలలో ఒకటి మాసిడోనియన్. మనం చెప్పుకోదలచిన తోడు కథ దానిదే.

అలెగ్జాండరు మాట్లాడిన ప్రాచీన భాషకూ దీనికీ సంబంధం లేదు. ఇది ఆరు, ఏడు శతాబ్దాలలో అక్కడికి వచ్చిన స్లావు జాతులవారి భాష. రష్యన్‌కు దూరపు బంధువు, బల్గేరియన్‌కు అతి దగ్గరి బంధువు. స్లావు భాషలలో పెక్కింటికి మన సంస్కృతం వలె అనేక విభక్తులున్నాయి. మాసిడోనియన్ నామవాచకాలు వాటిని దాదాపుగా విడిచిపెట్టినాయి. దానికి బదులు నామవాచకం చివర నిర్దేశకం చేరుతుంది. 'క్నిగా' అంటే పుస్తకం. 'క్నిగాతా' అంటే మనకు తెలిసిన ఆ పుస్తకం. 'క్నిగావా' అంటే ఇక్కడున్నది. 'క్నిగానా' అంటే అల్లంత దూరాన ఉన్నది. స్లావు కుటుంబానికి చెందని రుమేనియన్, అల్బేనియన్ భాషలలో కూడా నిర్దేశకం మాట చివరనే చేరుతుంది. దక్కనీకి తెలుగు ఎట్లాగో, దానికి ఆ పొరుగు భాషలు అట్లాగే.

దానికీ పాత వైభవం ఉన్నది. తొమ్మిదవ శతాబ్దంలో థెస్సలొనీకి నగరానికి చెందిన సిరిల్, మెథోడియస్ సోదరులు తమ ప్రాంతపు స్లావు పలుకులోనికి క్రైస్తవ గ్రంథాలను అనువదించారు. వారి శిష్యుడు క్లెమెంటు ఓహ్రిడ్ సరస్సు ఒడ్డున విద్యాపీఠం నడిపినాడు. పిమ్మట తురుష్క సామ్రాజ్యం ఐదు వందల యేండ్లకు పైగా సాగినది. 1913లో ఆ ప్రాంతాన్ని సెర్బియా, గ్రీసు, బల్గేరియా పంచుకొన్నాయి. ఈ భాషను బల్గేరియావారు తమ మాండలికమన్నారు, సెర్బియావారు తమదన్నారు. 1903లోనే క్రస్తె మిసిర్కోవ్ అనే విద్యావంతుడు, ఇది వేరే భాష అనీ, ప్రిలెప్, బిటోలా పట్టణాల మధ్య పలుకును ప్రమాణంగా తీసుకోవలెననీ ఒక గ్రంథం వ్రాశాడు. ఆ పుస్తకం ప్రతులు పెక్కు ధ్వంసం చేయబడినాయి.

1944 ఆగస్టు 2న, యుద్ధం ఇంకా ముగియకముందే, మాసిడోనియా ప్రజాప్రతినిధుల సభ ఆ భాషను రాజభాషగా ప్రకటించినది. 1945 మే 5న ముప్పది ఒక్క అక్షరాల వర్ణమాల, జూన్ 7న వర్ణక్రమ నియమాలు అమలులోనికి వచ్చాయి. ఆ పనిలో పాల్గొన్న యువకవి బ్లాజె కోనెస్కి తరువాత దాని వ్యాకరణం రచించాడు. ఇంత జరిగినా వివాదం ముగియలేదు. 1999లో బల్గేరియాతో చేసుకొన్న ఒప్పందంలో భాష పేరును ఊరక చెప్పక, 'మాసిడోనియా రాజ్యాంగం ప్రకారం మాసిడోనియన్ భాష' అని వ్రాసుకొన్నారు. 2020లో ఐరోపా సమాఖ్య ప్రవేశ చర్చలను బల్గేరియా అడ్డుకొన్న కారణాలలో భాష కూడా ఒకటి.

ఒక సాహిత్యం - రెండు పేర్లు

ఈ తగవు మనకు కొత్తది కాదు. కదంరావ్ కావ్యాన్ని, కులీ కవితలను, సబ్‌రస్‌ను ఉర్దూ పండితులు 'ప్రాచీన ఉర్దూ' అంటారు. 1952లో బాబూరాం సక్సేనా అదే సాహిత్యంపై వ్రాసిన గ్రంథానికి 'దక్ఖినీ హిందీ' అని పేరు. గ్రియర్సన్ తన భాషాసర్వేక్షణంలో దీనిని హిందుస్తానీలో ఒక శాఖగా చేర్చాడు. మరి ఆ కవులు తమ భాషను ఏమన్నారు? ఒకచోట హిందీ అన్నారు, ఒకచోట హిందవీ అన్నారు, మరొకచోట దక్కనీ అన్నారు. పేరు గురించి వారికి పట్టింపు లేదు. పట్టింపు తరువాత వచ్చినవారిది.

మరి దక్కనీ వేరే భాషా, లేక మాండలికమా? వ్యాకరణ సూత్రాలు చూచి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేము. మాసిడోనియన్ వ్యాకరణం 1944కు ముందూ పిమ్మటా ఒక్కటే. మారినవి బడి, పత్రిక, ప్రభుత్వం. దక్కనీకి ఒకప్పుడు కొలువు, కావ్యం, కలం ఉన్నాయి. అవి పోగానే 'చెడిపోయిన ఉర్దూ' అయినది. భాష, యాస అన్న భేదం చరిత్ర పెట్టినది. అయితే శాస్త్రం ఒక్క మాట గట్టిగా చెప్పగలదు. నియమం లేని పలుకు లేదు. 'బోల్‌కే' ఎక్కడ రావలెనో, 'చ్' ఎక్కడ చేరవలెనో పాతబస్తీ పసివానికి తెలుసు. వాడు అక్కడ తప్పు చేయడు.

ఈ సంపదను కాపాడినవారున్నారు. డాక్టరు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ కులీ కుతుబ్ షా కవితలను పరిష్కరించి 1940లో ప్రకటించాడు. మౌల్వీ అబ్దుల్ హక్ సబ్‌రస్‌ను వెలుగులోనికి తెచ్చాడు. మసూద్ హుసేన్ ఖాన్, గులాం ఉమర్ ఖాన్ కూర్చిన దక్కనీ నిఘంటువును 1969లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించినది. ప్రజలలో దానిని నిలిపినవారు హాస్యకవులు. సులేమాన్ ఖతీబ్ వంటివారి కవితలకు ముషాయిరాలలో జనం పడిపడి నవ్వేవారు. ఆ నవ్వు వెనుక పేదింటి కన్నీరు కూడా ఉండేది. చలనచిత్రాలు చాలావరకు నవ్వును మాత్రమే తీసుకొన్నాయి. శ్యాం బెనెగల్ 1974లో తీసిన 'అంకుర్' వంటివి తక్కువ. అందులో దక్కనీ ఏడుస్తుంది, కోపగించుకొంటుంది, ఎదిరిస్తుంది కూడా.

తెలంగాణా రాష్ట్రంలో 2017 నుండి ఉర్దూ రెండవ అధికార భాష. అది బడిలో నేర్పే ఉర్దూ. దానిని నేర్చుకోవడం అవసరమే. కాని దానికోసం తల్లి మాటకు సిగ్గుపడవలసిన పని లేదు. ఈ సంగతి తెలుగువారికి మరొకరు చెప్పనక్కరలేదు. పుస్తకాల భాష వేరు, నోటి భాష వేరు అయినప్పుడు బడిపిల్లలు పడే కష్టాన్ని చూచి గిడుగు రామమూర్తి పంతులుగారు ఏండ్ల తరబడి పోరాడినారు. తెలంగాణా తెలుగు కూడా చలనచిత్రాలలో హాస్యగాని నోటనే వినబడిన కాలం మనకు గుర్తున్నది.

మూసీ నదికి దక్షిణపు టొడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో కులీ కుతుబ్ షా కవితల చిత్రాలంకృతమైన వ్రాతప్రతి భద్రంగా ఉన్నది. అక్కడి నుండి చార్మినారుకు నడిచిపోవచ్చును. ఆ గ్రంథం చదవగలవారు కొద్దిమంది. దాని మాటలను వాడేవారు వీధినిండా ఉన్నారు. తాము నగరనిర్మాత భాష మాట్లాడుతున్నామని వారిలో ఎందరికో తెలియదు. ఇంకొకసారి లాడ్‌బజారులో 'నక్కో' అన్న మాట వినబడినప్పుడు, అది తప్పుపలుకు అనుకోకుండా, అది ఎంత దూరం నడిచి వచ్చినదో తలచుకొంటే, ఈ నాలుగు పుటలు చదివిన శ్రమ ఫలించినట్లే.